99 పైసల భూమి, లెక్కలేని కొలువులు

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖపట్నం రుషికొండ ఐటీ హిల్‌పై 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు ఇవ్వాలని తీర్మానించింది. బదులుగా రూ.1,370 కోట్ల పెట్టుబడి, 12 వేల ఉద్యోగాలు వస్తాయని చెప్పింది. మూడు నెలలు తిరిగాయి. జులై 27న అదే సంస్థ తన సిబ్బందిలో రెండు శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను 2025-26లో సాగనంపుతున్నట్లు ప్రకటించింది. వస్తాయన్నవీ పోతాయన్నవీ ఇంచుమించు ఒకటే అంకె. ఇది కాకతాళీయమే. విశాఖ భూమికీ, దేశవ్యాప్తంగా జరిగిన తొలగింపులకూ నేరుగా ముడిపెట్టడం న్యాయం కాదు. అయితే మొదటి అంకెకు మంత్రివర్గ తీర్మానంలో చోటు దొరికింది. రెండో అంకెలో హైదరాబాద్ క్యాంపస్‌ల నుంచి బయటికి నడిచినవారు ఎందరో ఏ ప్రభుత్వమూ ప్రజలకు చెప్పలేదు.

తీర్పు ముందే చెబుతున్నాం. కృత్రిమ మేధ ఉద్యోగాలను మింగేస్తోందన్న మాటలో సగం నిజముంది. కానీ యంత్రాన్ని బోనెక్కించి విచారణ ముగిసిందనుకుంటే అసలు ముద్దాయిలు దొడ్డిదారిన వెళ్లిపోతారు. కొలువుల పేరు చెప్పి భూమి, కరెంటు, నీరు, చట్టాల్లో మినహాయింపులు ధారపోసి, ఆ కొలువులు ఎన్ని వచ్చాయో, వచ్చినవాటిలో ఎన్ని నిలిచాయో లెక్కపెట్టని ప్రభుత్వాలు మొదటి దోషులు. కారణం చెప్పకుండా మనిషిని పంపేయడాన్ని తమ హక్కుగా అలవాటు చేసుకున్న సంస్థలది రెండో స్థానం.

టీసీఎస్ తొలగింపులకు కృత్రిమ మేధ కారణం కాదని సంస్థ సీఈఓ కె.కృతివాసన్ అప్పట్లోనే అన్నారు. కొందరి నైపుణ్యాలు అవసరాలకు సరిపోలడం లేదని, వారిని వేరే పనుల్లో సర్దడం సాధ్యపడలేదని ఆయన వివరణ. సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి వచ్చేసరికి సిబ్బంది సంఖ్య 6,13,069 నుంచి 5,93,314కు దిగింది. తమంతట తాము మానేసినవారినీ కలుపుకొంటే మూడు నెలల్లో 19,755 మంది తగ్గారు. పునర్వ్యవస్థీకరణ ఖర్చుల కింద సంస్థ రూ.1,135 కోట్లు చూపింది. అదేమైనా నష్టాల ఊబిలో ఉందా అంటే, 2024-25లో దాని నికర లాభం రూ.48 వేల కోట్లకు పైమాటే. ఆ త్రైమాసిక ఫలితాలు వెల్లడించిన రోజునే, ఒక గిగావాట్ సామర్థ్యంతో ఏఐ డేటా సెంటర్లు కట్టే వ్యాపారంలోకి దిగుతున్నామనీ ప్రకటించింది. సీఈఓ మాట నమ్మాలా వద్దా అని జనం తర్కించుకోవాల్సిన పరిస్థితే రాకూడదు. ఇన్ని వేల కుటుంబాలను తాకే నిర్ణయానికి కారణమేమిటో కాగితంపై రాసి, సంతకం పెట్టి ప్రభుత్వానికి ఇవ్వాలన్న నిబంధన మన దగ్గర ఉంటే సరిపోయేది. అది లేదు.

యంత్రం వచ్చి మనిషి కుర్చీలో కూర్చుంటుందని ఊహించుకునేవారికి ఐటీ సేవల రంగంలో కొలువు ఎలా పోతుందో అర్థం కాదు. ఈ రంగం పాతికేళ్లుగా అమ్ముతున్న సరుకు మనిషి గంటలు. అమెరికాలోని బ్యాంకో బీమా సంస్థో ఒక ప్రాజెక్టు ఇస్తుంది. ఇక్కడ అడుగున వందమంది ఫ్రెషర్లు, వారిపైన టీమ్ లీడ్‌లు, ఆపైన మేనేజర్లు. ఎన్ని తలలుంటే అంత బిల్లు. ఇప్పుడు కాంట్రాక్టు రెన్యువల్‌కు వచ్చినప్పుడు క్లయింట్ అడిగే ప్రశ్న ఒకటే: మీ వాళ్లు ఏఐ పరికరాలు వాడుతున్నారు కదా, మరి మాకు ఎంత తగ్గిస్తారు? మాన్యువల్ టెస్టింగ్, సర్వీస్ డెస్క్‌కు వచ్చే టికెట్లకు తొలి జవాబు, పాత కోడ్‌ను కొత్త భాషలోకి మార్చడం, డాక్యుమెంటేషన్... ఈ పనుల్లో పదిమంది చేసేది ఆరేడుగురితో అయిపోతుందని క్లయింట్‌కు తెలుసు. అందుకే తగ్గింపు కోరతాడు. సంస్థ తన లాభాల శాతాన్ని తగ్గించుకోదు. మిగిలిన దారి తలలు తగ్గించడం. ఎవరినీ యంత్రం నేరుగా తొలగించలేదు కాబట్టి, కారణం ఏఐ కాదన్న ప్రకటన సాంకేతికంగా అబద్ధమూ కాదు!

దీనికి ముందే ఏర్పాట్లు జరిగాయి. 2025 జూన్ నుంచి అమలైన టీసీఎస్ కొత్త విధానం ప్రకారం ఉద్యోగి ఏడాదికి 225 రోజులు క్లయింట్‌కు బిల్లు వేయగలిగే పనిలో ఉండాలి. ప్రాజెక్టు లేకుండా బెంచ్‌పై ఉండే కాలం 35 రోజులు దాటకూడదు. ఒకప్పుడు బెంచ్ అంటే కొత్త ప్రాజెక్టు వచ్చేదాకా శిక్షణ తీసుకునే వ్యవధి. సంస్థ భరించాల్సిన వ్యాపార ఒడుదొడుకుల భారం కాస్తా కొత్త విధానంతో ఉద్యోగి నెత్తికెక్కింది. పరిశ్రమకు పెద్దన్న వేసిన బాటలో మిగతావారు నడవడానికి ఎక్కువ కాలం పట్టదు.

తొలగింపుల దెబ్బ ఎక్కువగా తగిలింది మధ్య, పై స్థాయుల వారికేనని సంస్థే చెప్పింది. వారెవరో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 2000 తర్వాత అమీర్‌పేటలో కోర్సులు చేసి మాదాపూర్‌లో చేరినవారు. కోడ్ రాయడం మానేసి పదేళ్లయింది. వారి పని నలుగురి పనిని చూడటం, క్లయింట్‌కు రోజువారీ స్టేటస్ పంపడం, లెక్కలు కూర్చడం. అలా మారమని చెప్పిందీ, దాన్నే ప్రమోషన్ అన్నదీ ఆ సంస్థలే. ఇవాళ వారి వయసు 40-45. తెల్లాపూర్‌లోనో బాచుపల్లిలోనో ఫ్లాట్‌కు ఇంకా పన్నెండేళ్ల ఈఎంఐ ఉంటుంది. పిల్ల కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదువుతుంటుంది. సొంత ఊళ్లో తల్లిదండ్రుల మందులు నెలవారీ ఖర్చు. వీరిని పంపే తంతు కూడా పరిశ్రమలో అందరికీ తెలిసిందే. హెచ్‌ఆర్ నుంచి పిలుపు వస్తుంది. మీరే రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, లేదంటే టెర్మినేషన్ అని రాయాల్సి ఉంటుంది, ఆపైన బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీకే ఇబ్బంది అంటారు. సాయంత్రానికి పోర్టల్‌లో రాజీనామా నమోదవుతుంది. ప్రభుత్వం దృష్టిలో ఆ రోజు ఎవరినీ ఎవరూ తొలగించలేదు.

ఇక్కడే చట్టం తన బాధ్యత వదిలేసింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుణ్ని తొలగించాలంటే నెల నోటీసు, సర్వీసు చేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం తప్పనిసరి చేసింది. దాని స్థానంలోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న, మిగిలిన మూడు లేబర్ కోడ్‌లతో పాటు అమల్లోకి వచ్చింది. తొలగింపునకు ప్రభుత్వ ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన సంస్థల హద్దును వందమంది సిబ్బంది నుంచి మూడు వందలకు పెంచారని దేశమంతా గోల జరిగింది. ఐటీ ఉద్యోగికి ఆ గోలతో పని లేదు. ఆ అధ్యాయం ఫ్యాక్టరీలు, గనులు, ప్లాంటేషన్ల కోసం రాసుకున్నది. దాదాపు ఆరు లక్షల మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ సంస్థ కన్నా మూడు వందల మంది పనిచేసే జనపనార మిల్లుకు ఎక్కువ జవాబుదారీ ఉందన్నమాట. పైగా మేనేజర్ పని చేసేవారు, నెలకు రూ.18 వేలు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు ఆ కోడ్ చెప్పే కార్మికుల్లోకి రారు. హైదరాబాద్‌లో ఫ్రెషర్ జీతమే అంతకన్నా ఎక్కువ. తీసేసిన ప్రతి కార్మికుడికీ 15 రోజుల జీతాన్ని యజమాని నైపుణ్య నిధికి జమచేయాలన్న మంచి నిబంధన ఒకటి కోడ్‌లో ఉంది. రాజీనామా రాయించుకుంటే అది వర్తించే అవకాశమే ఉండదు.

కోర్టుకు వెళ్లవచ్చు కదా అనేవారికి ఒక ఉదాహరణ చాలు. 2015లో ఉద్యోగం నుంచి తీసేసిన ఒక టీసీఎస్ ఇంజినీరును తిరిగి విధుల్లోకి తీసుకోవాలని చెన్నై లేబర్ కోర్టు ఆదేశించింది. మేనేజర్ అన్న హోదా పేరును పక్కనపెట్టి అతను చేసిన పనిని చూసి కార్మికుడేనని తేల్చింది. మంచి తీర్పు. వచ్చింది 2022లో! ఏడేళ్లు ఈఎంఐ ఆగదు, పిల్లల ఫీజు ఆగదు.

ఇదే సమయంలో తెలుగు ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? ఐటీ సంస్థలకు దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల వంటి నిబంధనల నుంచి మినహాయింపులు పొడిగించుకుంటూ వచ్చాయి. 2025 జులైలో, తొలగింపుల వార్త వెలువడిన నెలలోనే, వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి ఉందిలెండి అని సర్దిచెప్పింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అంతకు నెల ముందే పది గంటల పనికి ఆమోదం తెలిపింది. వ్యాపారాన్ని సులభతరం చేయడం అంటే ఇదేనట. ఉన్నవారితో ఎక్కువ గంటలు పనిచేయించుకునే వీలు కల్పించి, కొత్త కొలువులు వస్తాయని ఆశపెట్టడం ఏ లెక్కల పుస్తకంలోని సూత్రమో ఆర్థిక మంత్రులే చెప్పాలి.

ప్రవేశ ద్వారం దగ్గర పరిస్థితి ఇంకా కలవరపెడుతోంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్ బృందం అమెరికా జీతాల రికార్డులను పరిశీలించి 2025 ఆగస్టులో ఒక పత్రం వెలువరించింది. ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22-25 ఏళ్ల వారి ఉపాధి, మిగతావారితో పోలిస్తే 13 శాతం పడిపోయిందని తేల్చింది. ఆ వృత్తుల్లో సాఫ్ట్‌వేర్, కస్టమర్ సర్వీసు ముందువరసలో ఉన్నాయి. అనుభవం ఉన్నవారి కొలువులు మాత్రం అక్కడ నిలబడ్డాయి. మన ఐటీ సంస్థల నమూనా దీనికి రెండు వైపులా చిక్కింది: అడుగున ఫ్రెషర్లను తీసుకోవడం తగ్గుతోంది, నడుమ ఉన్నవారిని కోస్తున్నారు.

మరి ఆ అడుగు మెట్టు కోసం మనం తయారుచేస్తున్నది ఎందరిని? తెలంగాణ ఇంజినీరింగ్ కన్వీనర్ కోటా సీట్లలో మూడింట రెండొంతులు కంప్యూటర్ సైన్స్, దాని పిల్ల కోర్సులవే. సివిల్, మెకానికల్ సీట్లు కోసుకుని వాటి స్థానంలో సీఎస్‌ఈ పెట్టుకోవడానికి కాలేజీలు పోటీ పడ్డాయి. ఒక కోర్సులో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2024-25 నుంచి ఎత్తేసింది. అదనపు సీట్లకు తెలంగాణ ప్రభుత్వం మోకాలడ్డితే కాలేజీలు హైకోర్టు మెట్లెక్కాయి. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వం చేసింది సరైన పనే. కానీ ఆ నిగ్రహం ఒక ఏడాది ముచ్చటగా మిగలకూడదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేదింటి పిల్లలకు ఇంజినీరింగ్ తలుపు తెరిచింది. దాని గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఖజానా సొమ్ముతో ఏటా కొన్ని వేల మందిని ఒకే కోర్సులోకి తోసి, నాలుగేళ్ల తర్వాత క్యాంపస్‌కు కంపెనీ రాకపోతే పిల్లలనే తప్పుపట్టడం ఏం నీతి? సిలబస్‌లో నాలుగు పాఠాలు మార్చి, బోర్డుపై ఏఐ-ఎంఎల్ అని రాసుకున్న కాలేజీల్లో ఆ పాఠం చెప్పగల అధ్యాపకులు ఎందరున్నారో విశ్వవిద్యాలయాలు తనిఖీ చేస్తే నిజం ఒక్క రోజులో బయటపడుతుంది. మార్కెట్ ఎటు తిరిగిందో అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు మాత్రం అందరికన్నా ముందే పసిగట్టాయి. నిన్న జావా అన్నచోట ఇవాళ జెన్ ఏఐ అంటున్నాయి, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న పక్క వాక్యం మాత్రం మారలేదు.

ఉద్యోగం పోయిన ఒక్కొక్కరి వెనక మరికొందరు ఉంటారు. మాదాపూర్, గచ్చిబౌలి చుట్టూ పీజీ హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, క్యాబ్‌లు, ఇళ్లలో వంట, పాచిపని చేసే ఆడవాళ్లు... ఈ సంసారమంతా ఐటీ జీతం చుట్టూ అల్లుకుంది. తెలంగాణ ఐటీ రంగంలో తొమ్మిది లక్షల మందికి పైగా పనిచేస్తున్నారని ప్రభుత్వమే గర్వంగా చెబుతుంది. ఫ్లాట్ల రిజిస్ట్రేషన్ల మీద ఖజానాకు వచ్చే రాబడిలో వారి వాటా చిన్నది కాదు. మెడికల్ కోడింగ్ సంగతి వేరే చెప్పాలి. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ చదివిన అమ్మాయిలు వేలమందికి హైదరాబాద్‌లో తొలి జీతం ఇచ్చిన పని అది. వైద్యుడి నోట్స్ చదివి, జబ్బుకూ చికిత్సకూ సరైన కోడ్ వేసి బీమా సంస్థకు పంపడం. ఏఐ భాషా నమూనాలు చాలా తేలిగ్గా నేర్చుకునే పని కూడా సరిగ్గా ఇదే. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు సానుభూతి పలికే పత్రికలు కూడా ఈ అమ్మాయిల ఊసెత్తవు.

విశాఖ వైపు చూద్దాం. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి గిగావాట్ స్థాయి ఏఐ హబ్ కడతామంది. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. తెలుగు నేలకు ఇంత పెట్టుబడి రావడం సంతోషించదగ్గదే. సముద్రగర్భ కేబుళ్లు తీరానికి చేరితే దాని ప్రయోజనం వేరు. కానీ డేటా సెంటర్ కడుతున్నన్నాళ్లు కావాల్సిన కూలీలు వేరు, కట్టాక నడపడానికి కావాల్సిన మనుషులు వేరు. రెండోవారి సంఖ్య పెట్టుబడితో పోలిస్తే చాలా తక్కువ. సర్వర్లు విద్యుత్తు తాగుతాయి, చల్లబరచడానికి నీళ్లు కావాలి, మనుషులు అంతగా అక్కర్లేదు. కాబట్టి పెట్టుబడి అంకెను ఉద్యోగాల అంకెగా చూపి రాయితీలు ఇవ్వడం తప్పు లెక్క. డేటా సెంటర్‌కు రాయితీ ఇవ్వదలచుకుంటే పన్ను రాబడి, విద్యుత్ చార్జీ, నీటి ధర ప్రాతిపదికన ఇవ్వండి. నిరుద్యోగి పేరు చెప్పి ఇవ్వొద్దు. కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కు ఎకరం 99 పైసల చొప్పున 21.31 ఎకరాలిచ్చి 8 వేల ఉద్యోగాలు రాసుకున్నారు. హైదరాబాద్ శివార్లలో 200 ఎకరాల ఏఐ సిటీ అని తెలంగాణ 2024 సెప్టెంబరు సదస్సులో చాటింది. వీటన్నిటిలో ఉద్యోగం అంటే ఏమిటి? కొత్తగా పుట్టిన కొలువా, బెంగళూరు నుంచి బదిలీ చేసిన మనిషా, రెండేళ్ల కాంట్రాక్టు సిబ్బందా?

ఇలాంటి వాగ్దానాలను నమ్మి మోసపోయిన చరిత్ర మనకు కొత్తేం కాదు. ప్రత్యేక ఆర్థిక మండళ్లపై కాగ్ 2014లో ఇచ్చిన నివేదిక 12 రాష్ట్రాల్లో పరిశీలించిన చోట్ల ఉద్యోగ కల్పన చెప్పినదానికన్నా 66 నుంచి 97 శాతం దాకా తక్కువగా ఉందని లెక్కతేల్చింది. అప్పటికి ఏఐ ఎక్కడుంది? కొలువుల కాకిలెక్కలు యంత్రం పుట్టకముందు నుంచీ ఉన్నాయి. షరతులు రాసుకున్నాం, గడువులోగా పూర్తిచేయకపోతే భూమి వెనక్కి తీసుకుంటామని అధికారులు అంటారు. భవనం లేచి, ప్రారంభోత్సవం జరిగి, మూడేళ్ల తర్వాత అందులో సగం కుర్చీలు ఖాళీ అయితే ఏ షరతు వర్తిస్తుందో ఏ మంత్రీ చెప్పలేదు.

కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇలాగే గగ్గోలు పెట్టారు, చివరికి ఏమైంది అని అడిగేవారున్నారు. వారు మరచిపోయే సంగతి ఒకటుంది. బ్యాంకుల్లోకి యంత్రాలు ఊరికే రాలేదు. 1983లో భారతీయ బ్యాంకుల సంఘం, ఉద్యోగ సంఘాలు కూర్చుని, ఏ పనికి ఎక్కడ ఎన్ని యంత్రాలు పెట్టాలో ఒప్పందం రాసుకున్నాయి. తర్వాత 1987లో, 1993లో మళ్లీ కూర్చున్నాయి. రిజర్వు బ్యాంకు నియమించిన సి.రంగరాజన్ కమిటీలు దశలవారీ ప్రణాళిక ఇచ్చాయి. పదేళ్ల పాటు బేరమాడి తెచ్చుకున్న మార్పు కాబట్టే గుమాస్తాలు వీధిన పడలేదు. ఆ వేగం మరీ నత్తనడక అనేవారి విమర్శలోనూ నిజం ఉంది. కానీ ఇవాళ బేరానికి కూర్చునే బల్ల అవతల ఎవరూ లేరు. దీనికి ఐటీ ఉద్యోగుల బాధ్యతా ఉంది. జీతాలు పెరిగినన్నాళ్లు యూనియన్ అన్న మాట వింటేనే ముఖం చిట్లించుకున్నారు, అది ఫ్యాక్టరీ కూలీలకు సంబంధించిన విషయమనుకున్నారు. ఇప్పుడు హెచ్‌ఆర్ గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ ఒంటరితనం ఖరీదు తెలుస్తోంది.

ఏఐ ఘనతను మరీ పెంచి చూపేవారితోనూ జాగ్రత్త అవసరం. రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం మానేయమని ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 2016లో అన్నారు. వారు నేటికీ ఎక్స్‌రేలు చూస్తూనే ఉన్నారు. స్వీడన్ సంస్థ క్లార్నా తమ ఏఐ 700 మంది కస్టమర్ ఏజెంట్ల పని చేస్తోందని 2024లో చాటి, ఆ మరుసటి ఏడాది మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది. నోబెల్ గ్రహీత డారన్ అసెమొగ్లు లెక్క ప్రకారం పదేళ్లలో ఏఐ వల్ల అమెరికా ఉత్పాదకతకు కలిసొచ్చేది మొత్తం మీద ఒక శాతం కన్నా తక్కువే. అంటే సాంకేతికత ఇంకా చేయలేని పనికీ దాని పేరు చెప్పి మనుషులను పంపేసే సంస్థలు ఉంటాయి, అది చేసేసిన పనికి దాని పేరు దాచే సంస్థలూ ఉంటాయి. కారణం నమోదు చేయించకపోతే ఈ రెండిట్లో ఏది ఏదో ఎన్నటికీ తేలదు. నీతి ఆయోగ్ 2025 అక్టోబరు నివేదిక సాంకేతిక సేవల రంగంలో 2023లో 75-80 లక్షలున్న సిబ్బంది 2031 నాటికి 60 లక్షలకు తగ్గవచ్చంది, సరైన చర్యలు తీసుకుంటే 40 లక్షల కొత్త కొలువులూ రావచ్చంది. ఆ రెండు అంకెల నడుమ ఉన్న దూరమే ప్రభుత్వ విధానం.

అమెరికాను ఉద్యోగికి రక్షణ లేని దేశమని మనం తీసిపారేస్తుంటాం. అక్కడ వందమంది పైబడిన సంస్థ పెద్దయెత్తున తొలగింపులు చేయాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1988 నుంచే చట్టం ఉంది. న్యూయార్క్ రాష్ట్రం 2025 మార్చిలో ఆ నోటీసు పత్రానికి ఒక ప్రశ్న చేర్చింది: ఈ తొలగింపులకు సాంకేతికత లేదా ఆటోమేషన్ కారణమా? అంతే, ఒక్క గడి. అది గొప్ప సంస్కరణేమీ కాదు, కానీ లెక్కకు ఒక మొదలు. ఉద్యోగం పోయాక 60 రోజుల్లో కొత్త కొలువు దొరక్కపోతే పెట్టె సర్దుకోవాల్సిన మన హెచ్-1బీ పిల్లలకు ఆ నోటీసు విలువ తెలుసు. కొత్త వీసాలకు లక్ష డాలర్ల రుసుము విధించాక, ఇక్కడ కొలువు పోయినవారికి అటు తలుపు కూడా దాదాపు మూసుకుపోయినట్లే.

తిలాపాపం తలా పిడికెడు అని పంచేసి చేతులు దులుపుకోవడానికి ఇది సమయం కాదు. కార్మిక చట్టాలు ఉమ్మడి జాబితాలోనివి. కేంద్రం రాసిన కోడ్‌కు రాష్ట్రపతి ఆమోదంతో సవరణ తెచ్చుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది. ఆ సవరణ ప్రకారం, ఏడాదిలో వందమందికి మించి సిబ్బందిని తగ్గించే ఐటీ సంస్థ, రాజీనామాలతో సహా, రెండు నెలల ముందు కార్మిక శాఖకు కారణంతో పాటు తెలపాలి. యాజమాన్యం పిలిచి మాట్లాడిన 30 రోజుల్లో వచ్చిన రాజీనామాను తొలగింపుగానే చూడాలి, అందుకు తగ్గ పరిహారం ఇప్పించాలి. జీతంతోనూ, హోదా పేరుతోనూ నిమిత్తం లేకుండా ఆ పరిహారానికి ఒక కనీస హద్దు ఉండాలి. పెట్టుబడులు పొరుగు రాష్ట్రానికి పోతాయన్న బెదిరింపు వెంటనే వస్తుంది. హైదరాబాద్, విశాఖ, బెంగళూరు ఒకదాని కాలు ఒకటి లాగుతూ రాయితీలు పెంచుకుంటూ పోయిన తీరు చూశాం. అలాంటప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలైనా ఈ ఒక్క విషయంలో ఒకే నిబంధన పెట్టుకోలేవా?

అవన్నీ అయ్యేలోగా చేయగల పనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2014 జూన్ తర్వాత ఉద్యోగాల పేరుతో రాయితీ ధరకు భూమి పొందిన ప్రతి సంస్థ పేరు, తీసుకున్న ఎకరాలు, ఇస్తానన్న కొలువులు, ఆ చిరునామాలో ఇవాళ భవిష్య నిధి చందా జమవుతున్న ఖాతాల సంఖ్య... ఈ నాలుగు వివరాలున్న పట్టికను హైదరాబాద్, అమరావతి ఐటీ శాఖలు వచ్చే బడ్జెట్ సమావేశాల్లో సభ ముందు పెట్టాలి. చందా లెక్క కావాలంటే ఏ కంపెనీనీ బతిమాలనక్కర్లేదు, అది భవిష్య నిధి సంస్థ దగ్గర నెలనెలా ఉంటుంది. ఆ పట్టిక వచ్చేదాకా 99 పైసలకు మరో ఎకరం ఇవ్వకూడదు.